నెల సరుకుల ఖర్చు తగ్గట్లేదు, ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

నెలాఖరు

అందరికీ నమస్తే. మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు. సరుకుల లెక్క చూసేది నేనే. ఏడాదిగా ఆ ఖర్చు నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంది. ధరలు పెరిగిన మాట నిజమే, కాదనను, కానీ నేనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆఫర్ ఉన్నప్పుడే కొంటున్నాను, వీలైనంతవరకు పెద్ద ప్యాకెట్లే తీసుకుంటున్నాను, మూడు చోట్ల ధరలు కనుక్కుని మరీ వెళ్తున్నాను. ఇంత చేసినా ఇరవయ్యో తారీఖు దాటేసరికి ఏదో ఒకటి నిండుకుంటుంది, ఆ ఒక్కదాని కోసం వెళ్లి అయిదు వస్తువులతో తిరిగొస్తాను. మొన్న రాత్రి ఆరు నెలల బిల్లులు మంచం మీద పరుచుకుని కూడితే చాలా బాధేసింది, ఎందుకంటే అనవసరం అని గీత కొట్టడానికి నాకు అందులో ఒక్కటీ కనిపించలేదు. అన్నీ ఉప్పు, పప్పు, నూనె, సబ్బు లాంటివే.

ఇంట్లోవాళ్ల కడుపు మాడ్చి మిగుల్చుకోవాలని లేదు, పిల్లాడికి పండ్లు తగ్గించను. అది పక్కనపెట్టి మీ ఇళ్లలో మీరు చేసి చూసినవి చెప్పండి. ఎక్కడో విన్నవి వద్దు.

తూకం

నెలాఖరు గారూ, మీరు రాసినదాంట్లో నా కంట పడింది ‘పెద్ద ప్యాకెట్లే’ అన్న మాట. నేనూ పదేళ్లు అలాగే కొన్నాను. పెద్దది చాలాసార్లు చవకే, ప్రతిసారీ కాదు. ప్యాకెట్ మీద వేసిన ధర వదిలేసి, కిలోకి ఎంత పడుతోంది, లీటరుకి ఎంత పడుతోంది, సబ్బయితే వంద గ్రాములకి ఎంత, అది చూడండి. ఫోన్ తీసి ధరని బరువుతో భాగిస్తే సరి, పది సెకన్ల పని. మధ్య సైజు మీద ఆఫర్ ఉన్న వారం అదే పెద్దదానికంటే చవక పడటం నేను చాలాసార్లు చూశాను.

నూనె దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కొన్ని లీటర్లలో అమ్ముతారు, కొన్ని కిలోల్లో. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి లీటరు వంటనూనె తూకానికి పెడితే దాదాపు 910, 920 గ్రాములే తూగుతుంది. కాబట్టి ఒకే ధరకి లీటరు ప్యాకెట్, కిలో ప్యాకెట్ పక్కపక్కన కనిపిస్తే కిలో దాంట్లో నూనె సుమారు పదో వంతు ఎక్కువ. 5 కిలోల క్యాన్ అంటే దాదాపు ఐదున్నర లీటర్లు. 5 లీటర్ల క్యాన్‌తో దాన్ని నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది, ముందు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి.

ఆఫర్ల లెక్క కూడా ఒకసారి నిదానంగా చూడండి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు తగ్గేది సగం కాదు, మూడో వంతు. అదీ మూడూ వాడుకుంటేనే. మూడోది పాడైపోతే మీకు పైసా తగ్గింపు లేనట్టే. 50 శాతం అదనం అన్నా తగ్గింపు మూడో వంతే. సగం ధర వేరు, సగం అదనం వేరు, రెండు బోర్డుల మీదా 50 అనే రాసి ఉంటుంది కాబట్టి హడావుడిలో ఒకేలా అనిపిస్తాయి.

గల్లాపెట్టె

నేను ఒక పెద్ద షాపులో పదకొండేళ్లు పనిచేశాను, ఎక్కడన్నది వదిలేయండి. అరలు సర్దడం నుంచి బిల్లు కొట్టడం దాకా అన్నీ చేశాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను.

రోజూ కావాల్సినవి ఎప్పుడూ షాపు చివర పెట్టేవాళ్లం. పాల కోసం వచ్చిన మనిషి మిగతా అరలన్నీ దాటుకుని వెళ్లాలి, అదీ ఉద్దేశం. కంటి ఎత్తులో ఉన్న అర మీద లాభం ఎక్కువ వచ్చే సరుకు ఉంటుంది, అదే రకం చవకది కింది అరలోనో మరీ పైనో ఉంటుంది. వంగి చూడటం అలవాటు చేసుకోండి. బిల్లు దగ్గర క్యూలో నిలబడేచోట చాక్లెట్లు, బ్యాటరీలు, చిన్న చిన్న ప్యాకెట్లు ఎందుకుంటాయో మీకు తెలిసిందే, పిల్లాడి చేతికి అందే ఎత్తులో ఉంటాయి అవి.

బయట పెద్ద అక్షరాలతో రాసే ఒకటి రెండు సరుకులు నిజంగానే చాలా చవక, ఒక్కోసారి కొన్న ధరకంటే తక్కువకి కూడా అమ్ముతారు. దానికోసం వచ్చినవాళ్లు మిగతావి కూడా అక్కడే కొనేస్తారని. ఆ ఒక్కటే తీసుకుని బయటికి రాగలిగితే లాభం మీదే. తప్పేం లేదు, నిర్మొహమాటంగా అది ఒక్కటే తీసుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ధర మారకుండా బరువు తగ్గించడం. కిలో ఉండే ప్యాకెట్ 900 గ్రాములు అవుతుంది, రంగు అదే, కవర్ అదే, ధర అదే. అంటే కిలోకి 11 శాతం ధర పెరిగినట్టు. మీ బిల్లు మీద ఇది కనబడదు. నెలకి రెండు ప్యాకెట్లు సరిపోయేచోట మూడోది కొనాల్సి వస్తుంది, మనమేమో ఇంట్లో వాడకం పెరిగిందేమో అనుకుంటాం. వెనక వైపు నికర బరువు చూడకుండా బుట్టలో వేయకండి.

బుట్ట అంటే గుర్తొచ్చింది. మధ్యలో వెళ్లినప్పుడు చక్రాల బండి తీసుకోవద్దు, చేతి బుట్ట తీసుకోండి. చెయ్యి నొప్పి పుడితే మనిషి త్వరగా బయటికి వస్తాడు. ఇది నేను రోజూ చూసిన విషయం.

ఇద్దరు_పిల్లల_నాన్న

తూకం గారు చెప్పినదంతా నిజమే కానీ నా అనుభవంలో పెద్ద ప్యాకెట్‌తో ఇంకో నష్టం ఉంది, అది క్యాలిక్యులేటర్‌లో రాదు. ఇంట్లో ఎక్కువ కనిపిస్తే ఎక్కువ వాడతాం. మా ఇంట్లో షాంపూ పెద్ద సీసా తెస్తే చిన్న సీసాల లెక్కన అయిదు నెలలు రావాల్సింది, మూడున్నర నెలలకే అయిపోయింది. ఎందుకంటే నిండుగా ఉన్న సీసాని పిల్లలు గట్టిగా నొక్కుతారు. బిస్కెట్ల సంగతైతే చెప్పక్కర్లేదు. ఇప్పుడు పెద్దదే కొంటాం కానీ పాత చిన్న సీసాలోకి కొంచెం కొంచెం పోసి అదే బాత్‌రూమ్‌లో పెడతాం, పెద్దది అల్మారా పైన ఉంటుంది. నూనెకీ అంతే, క్యాన్ వంటగట్టు మీద ఉండదు, చిన్న డబ్బాలో పోసుకుని స్పూన్‌తో వేసుకుంటాం.

నెలాఖరు గారూ, మీరు సరుకులకి బయల్దేరే ముందు ఒక్క పని చేయండి. అల్మారా తలుపులు, ఫ్రిజ్ తలుపు తీసి ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి. చీటీ రాయడానికి ఓపిక లేని రోజు కూడా ఇది చేయగలం. షాపులో నిలబడి ‘ఇంట్లో ఉందా లేదా’ అని అనుమానం వచ్చినప్పుడు మనం ఎప్పుడూ కొనేయడం వైపే మొగ్గుతాం. నేను అలా కొన్న ఉప్పు ప్యాకెట్లు ఒకసారి లెక్కపెడితే నాలుగు తేలాయి.

ఒంటరిగది

నాది ఒక్కడి సంసారం కాబట్టి కొంచెం వేరే మాట. మూడు చోట్ల ధరలు చూసి మరీ వెళ్తున్నాను అన్నారు కదా అక్కా, ఆ తిరుగుడికి అయ్యే పెట్రోలు, టైమ్ లెక్కేశారా? మూడు షాపులు తిరిగితే మూడు చోట్లా అనుకోనివి కొంటాం. నేను ఒక్కచోటే కొంటాను, వారానికి ఒక్కసారే వెళ్తాను, మధ్యలో ఏదైనా అయిపోతే అది లేకుండానే గడిపేస్తాను. మొదట్లో కష్టంగా ఉంటుంది కానీ, ఉన్నవాటితో వండుకోవడం అలా వస్తేనే అలవాటవుతుంది.

ఫోన్‌లో ఆర్డర్ చేస్తే ఇంకా ప్రమాదం. డెలివరీ ఛార్జీ పోవాలంటే ఇంకొంచెం కొనండి అంటుంది, ఆ ఛార్జీ తప్పించుకోవడానికి దానికి రెట్టింపు ఖర్చుపెట్టి అవసరం లేని వస్తువు తెచ్చుకున్న రోజులున్నాయి. ఇప్పుడు యాప్‌లో బుట్ట నింపి ఒక రాత్రి అలా వదిలేస్తాను, పొద్దున్నే చూస్తే రెండు మూడు తీసేయాలనిపిస్తుంది.

తూకం

ఒంటరిగది తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటాను. నేను కూడా ప్రతిసారీ మూడు చోట్లు తిరగను. ఒక చిన్న నోటుబుక్కులో మేం ఎప్పుడూ కొనే పదిహేను సరుకులు రాసి, ఒక్కోదానికీ కిలో ధర ఎప్పుడు ఎంత ఉందో వేసుకుంటాను. మూడు నెలలు రాస్తే చాలు, ఏది మంచి ధరో మనకే తెలిసిపోతుంది. అప్పుడు ఆఫర్ బోర్డు మనల్ని ఏమీ చేయలేదు. మిగతా సరుకుల గురించి పట్టించుకోను, ఎందుకంటే బిల్లులో ఎక్కువ భాగం ఆ పదిహేనే.

నెలాఖరు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇద్దరు పిల్లల నాన్న గారు చెప్పినట్టు ఫోటోలు తీద్దామని అల్మారా తెరిచాను, ఫోటో తీయడం పక్కనపెట్టి గంటన్నర అక్కడే కూర్చుండిపోయాను. గోధుమపిండి మూడు ప్యాకెట్లు విప్పి ఉన్నాయి. విప్పినవి మూడు! ఒక్కోదానికీ రబ్బరు బ్యాండు. వెనక ఒక డబ్బాలో పెసలు ఉన్నాయి, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించాయి, వెలుతురులో చూస్తే గింజగింజకీ సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం. డబ్బా అడుగున పిండి. అవి ఆఫర్‌లో కొన్నవే, నాకు బాగా గుర్తు, ఆ రోజు ఎంత మిగిలిందో మా ఆయనకి గొప్పగా చెప్పాను కూడా.

పురుగు పట్టకుండా ఎలా దాచాలో ఎవరైనా చెప్పండి. దాచడం రానప్పుడు ఎక్కువ కొని ఏం లాభం.

పాతడబ్బా

అమ్మా, ఆ రంధ్రాలు పప్పు పురుగువి. అది బయటి నుంచి వచ్చి తొలిచిందని అనుకుంటాం గానీ, చాలాసార్లు గుడ్లు గింజతోపాటే వచ్చేస్తాయి. పిల్ల పురుగు గింజ లోపలే తిని పెరిగి, రెక్కలొచ్చాక ఆ రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. మనకి రంధ్రం కనబడేసరికే లోపల పని అయిపోయి ఉంటుంది. అందుకే డబ్బా ఎంత గట్టిగా మూసినా ముందే లోపలున్నదాన్ని ఆపలేం.

నేను చేసేది చెబుతాను. పప్పులు, బియ్యం, రవ్వ లాంటివి తెచ్చిన వెంటనే కవర్‌తో సహా ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడతాను. మైనస్ 18 డిగ్రీల దగ్గర పురుగూ, గుడ్డూ రెండూ చస్తాయి. తీశాక మాత్రం వెంటనే విప్పకూడదు, చల్లటి గింజల మీద గాలిలో తేమ పట్టి బూజు వస్తుంది. మూసిన కవర్‌ని ఒక పూట అలాగే బయట ఉంచి, చలి పూర్తిగా పోయాక పొడి డబ్బాలో పోయాలి. ఫ్రీజర్‌లో చోటు లేకపోతే మంచి ఎండలో పల్చగా ఆరబోసి, పూర్తిగా చల్లారాక పోసుకోవాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

కొత్త సరుకు పాతదాని మీద పోయవద్దు. ఇది మా ఇంట్లో నేను గట్టిగా పట్టుపట్టే ఒకే ఒక్క విషయం. అడుగున ఉన్నది ఎప్పటికీ అడుగునే ఉండిపోయి, అక్కడ మొదలైన పురుగు పైదానికీ ఎక్కుతుంది. పాతది గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి ఎండబెట్టి, కొత్తది కింద పోసి, పాతది పైన పోయాలి. ప్యాకెట్లయితే కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి. డబ్బా మీద చిన్న కాగితం అంటించి విప్పిన తారీఖు రాయండి.

ఇంకోటి, పిండి చేసినదానికంటే గింజ ఎక్కువ కాలం నిలుస్తుంది. మసాలా దినుసులూ అంతే, పొడి కొట్టాక వాసన త్వరగా పోతుంది, వాసన పోయినదాన్ని రెట్టింపు వేసినా రుచి రాదు. పొడులు చిన్న ప్యాకెట్లే కొనుక్కోండి, కిలో లెక్కన ఖరీదు ఎక్కువైనా సరే.

వంటింటి_కిటికీ

నెలాఖరు గారి పెసల డబ్బా గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. రెండేళ్ల క్రితం నాది కూడా ఇదే పరిస్థితి. అప్పుడు బిల్లులు రాయడం మానేసి, ఫ్రిజ్ తలుపు మీద ఒక తెల్ల కాగితం అంటించి ఇంట్లోంచి చెత్తలోకి పోయే ప్రతి తిండి వస్తువునీ దాని మీద రాయడం మొదలుపెట్టాను. కొన్నది కాదు, పారేసింది. ఎంత పారేశామో, ఎందుకు పారేశామో రెండే మాటలు. ‘కొత్తిమీర సగం కట్ట, నల్లబడింది.’ ‘పాలు పావు లీటరు, విరిగాయి.’ ‘అన్నం ఒక గిన్నె, రాత్రి బయట ఉండిపోయింది.’ నెల తిరిగేసరికి కాగితం రెండు వైపులా నిండింది.

ఇది మన ఇళ్ల గోలే కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదికలో, 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం పారేశారని, అందులో 60 శాతం ఇళ్లలోంచే పోయిందని ఉంది. ఇళ్లలో పోయేది చూసుకుంటే మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు. నలుగురున్న ఇంటికి ఆ లెక్క వేసుకుంటే మూడు వందల కిలోలు దాటుతుంది. మన ఇంట్లో అంత పోకపోవచ్చు, అందులో సగం పోయినా అది మనం క్యూలో నిలబడి డబ్బు కట్టి తెచ్చుకున్నదే కదా.

నా కాగితం నేర్పినవి కొన్ని. పాలు ఫ్రిజ్ తలుపులో పెట్టకూడదు, తీసినప్పుడల్లా వేడి తగిలేది ఆ చోటే, లోపలి అరలో పెడితే ఎక్కువ నిలుస్తాయి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి, మాది చూస్తే 9 ఉంది, అదీ అసలు కారణం. పండిన అరటిపండ్లు, యాపిల్స్ ఒక వాయువు వదులుతాయి, దానివల్ల పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి, విడిగా పెట్టండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వద్దు, రెండిటికీ గాలి, చీకటి కావాలి కానీ కలిపి పెడితే దుంపలు త్వరగా మొలకెత్తుతాయి. బంగాళాదుంప ఫ్రిజ్‌లో పెడితే తియ్యగా అయిపోతుంది. బ్రెడ్ ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది, ఫ్రీజర్‌లో పెట్టి కావాల్సిన ముక్కలే తీసి కాల్చుకుంటే బాగుంటుంది. ఆకుకూర కడగకుండా, కొంచెం తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, వాడే ముందు కడుగుతాను.

అన్నం విషయంలో మాత్రం ఆదా కోసం సాహసం చేయవద్దు. వండినా చావని సూక్ష్మజీవులు అందులో ఉంటాయి, గంటల తరబడి బయట వదిలేస్తే అవి పెరిగి విషం తయారు చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలితే వెడల్పు పళ్లెంలో త్వరగా ఆర్చి రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా బయట ఉన్నది పారేయాల్సిందే. తర్వాత రోజు నుంచి తక్కువ వండండి, ఆదా అక్కడుంది.

ఒంటరిగది

తారీఖుల సంగతి కూడా చెప్పండి అక్కా. మా ఫ్రెండ్ ప్యాకెట్ మీద తారీఖు ఒక్కరోజు దాటినా పారేస్తాడు.

వంటింటి_కిటికీ

రెండు రకాలుంటాయి. ‘ఈ తేదీలోపు వాడితే ఉత్తమం’ అన్నది రుచికీ, కరకరకీ సంబంధించింది. ఉప్పు, చక్కెర, ఎండు పప్పులు, బిస్కెట్ల లాంటి వాటి మీద అది ఉండొచ్చు. దాటాక చూసి, వాసన చూసి, బాగుంటే వాడుకోవచ్చు. ‘ఈ తేదీలోపే వాడాలి’ అన్నది వేరు, మాంసం, చేపలు, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే త్వరగా పాడయ్యే వాటి మీద ఉంటుంది. అది ఆరోగ్యానికి సంబంధించింది, దాటితే వాసన బాగున్నా తినకూడదు. మందులకీ, పసిపిల్లల పాలపొడికీ తారీఖు దాటనివ్వద్దు.

సబ్బునురగ

అందరూ వంటింటి దగ్గరే ఆగిపోయారు, కడుక్కునే సామాన్ల గురించి నేను రాస్తాను, బిల్లులో అదీ తక్కువేం కాదు.

బట్టల పొడి ఎక్కువ వేస్తే బట్టలు ఎక్కువ శుభ్రం కావు. మిగిలిన సబ్బు బట్టలోనే ఉండిపోయి గట్టిగా, బంకగా అవుతుంది, మళ్లీ జాడించాలి, నీళ్లూ కరెంటూ దండగ. నేను కొలిచే మూత నిండా పోసేదాన్ని. ఒకరోజు అదే మూతని వెలుతురుకి పెట్టి చూస్తే లోపల సన్నటి గీతలు కనబడ్డాయి, మామూలు మురికికి కింది గీత చాలు, నిండా అన్నది మరీ మురికి బట్టల నిండు లోడ్‌కి. ఆ గీత మీద నల్ల స్కెచ్ పెన్‌తో గీశాను. అంతే, ప్యాకెట్ రెండో నెలలోకి వచ్చింది. నీళ్లు బాగా ఉప్పగా, గరుకుగా ఉండేచోట మాత్రం కొంచెం ఎక్కువ పడుతుంది, అది ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. వేడి నీళ్ల సెట్టింగ్ రోజూ వద్దు, మెషిన్ తినే కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు వేడి చేయడానికే పోతుంది. తువ్వాళ్లకి మెత్తబరిచే లిక్విడ్ వేయొద్దు, నూలు మీద పూతలా పట్టి తడి పీల్చకుండా చేస్తుంది.

సబ్బు బిళ్ల నీళ్లలో నానకుండా రంధ్రాలున్న పెట్టెలో పెట్టండి. గిన్నెల లిక్విడ్ నేరుగా స్పాంజ్ మీద పోయకుండా చిన్న గిన్నెలో నీళ్లలో కలుపుకుని, అదీ ఆ పూటకి సరిపడా మాత్రమే, ముంచుకుని తోముతాను. నేల తుడిచే లిక్విడ్ కొనేటప్పుడు లీటర్లు చూడకండి, ఒక బకెట్‌కి ఎన్ని మూతలు పోయాలో చూసి, సీసా ఎన్ని బకెట్లకి వస్తుందో లెక్కేయండి. పల్చటిది చవకగా కనిపించి ఖరీదు పడుతుంది.

ఒంటరిగది

నేను వెనిగర్, వంటసోడా కలిపి సొంతంగా క్లీనర్ చేసుకుంటాను, భలే పొంగుతుంది. సింకు, బాత్‌రూమ్ అన్నిటికీ అదే. బాత్‌రూమ్‌లో మరీ మొండి మరకలుంటే కొంచెం బ్లీచ్ కూడా కలుపుదామనుకుంటున్నాను.

సబ్బునురగ

తమ్ముడూ, బ్లీచ్ మాత్రం కలపొద్దు! వెనిగర్ ఆమ్లం, బ్లీచ్‌లో ఏ ఆమ్లం పడినా క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. టాయిలెట్‌కి వాడే యాసిడ్ క్లీనర్లు కూడా బ్లీచ్‌తో కలవకూడదు. అమ్మోనియా ఉన్నవాటితోనూ అంతే. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోకండి.

ఇక వెనిగర్, సోడా రెండూ మంచివే, విడివిడిగా. కలిపితే పొంగేది కార్బన్ డయాక్సైడ్, పొంగు అణిగాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు లాంటిది, అందులో శుభ్రం చేసే బలం పోతుంది. రెండు సరుకులు ఖర్చుపెట్టి నీళ్లతో తుడిచినట్టు. గట్టిపడిన తెల్లటి నీటి మరకలకి వెనిగర్ వాడు, మాడిన గిన్నెకి సోడా వేసి రుద్దు.

ఒంటరిగది

ఇది నాకు తెలియదు అక్కా. సీసాలో కలిపి పెట్టింది ఇప్పుడే పారబోశాను. థ్యాంక్స్.

గల్లాపెట్టె

ఒక మాట కలుపుతాను. బ్రాండ్ పేరు కోసం డబ్బు పెట్టక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. ఉప్పు, చక్కెర, వంటసోడా లాంటివి. లోపల ఒక్కటే పదార్థం ఉన్న సరుకుల్లో చవకది తీసుకుంటే పెద్దగా తేడా ఉండదు. ఉప్పులో అయోడిన్ ఉందో లేదో మాత్రం చూసుకోండి. టీ పొడి, సబ్బు, నూనె లాంటివి ఒక చిన్న ప్యాకెట్ తెచ్చి ఇంట్లోవాళ్లకి చెప్పకుండా వాడి చూడండి, నచ్చితే కొనసాగించండి. నచ్చని చవక సరుకు మూల పడి ఉంటుంది, అది అన్నిటికంటే ఖరీదైనది.

నెలాఖరు

అయిదు వారాలైంది, ఎలా ఉందో చెబుదామని వచ్చాను.

కాగితం అంటించాను. మొదటి వారం అత్తగారికి నచ్చలేదు. తాను వండింది పారేశామని గోడకి రాసిపెడుతున్నట్టు అనిపించిందట, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు, చాలా బాధపడ్డాను. అప్పుడు పెన్ను ఆవిడ చేతికే ఇచ్చి, అత్తయ్యా మీరే రాయండి, నాకు కనబడనివి మీకు కనబడతాయి అన్నాను. రెండో వారం నుంచి ఆవిడే రాస్తున్నారు, నాకంటే వివరంగా. మా బాబు తాగకుండా వదిలేసే పాలు రోజూ అరగ్లాసు అని ఆవిడే పట్టుకున్నారు. మేం పెద్ద గ్లాసు నిండా పోస్తున్నాం, వాడు ఎప్పుడూ సగమే తాగుతాడు, మిగతాది సింకులోకి. ఇప్పుడు చిన్న గ్లాసులో పోస్తున్నాం, కావాలంటే మళ్లీ అడుగుతాడు, అప్పుడప్పుడు అడుగుతున్నాడు కూడా.

మా కాగితంలో ఎక్కువసార్లు వచ్చినవి మూడు. పాలు, ఆకుకూర, రాత్రి అన్నం. మూడూ ధర తక్కువ సరుకులే, అందుకే బిల్లులో నాకు ఎప్పుడూ కనబడలేదు, కానీ రోజూ పోతున్నాయి. బియ్యం కొలిచే గ్లాసు మార్చాం. ఆకుకూర వారానికి సరిపడా కాకుండా మూడు రోజులకి సరిపడా కొంటున్నాం, కట్ట చిన్నదైతే కొంచెం ఖరీదే, అయినా పారేయట్లేదు. విప్పిన పిండి మూడు ప్యాకెట్లూ అయ్యేదాకా కొత్తది కొనలేదు, ఒకటి ముక్కవాసన వచ్చింది కాబట్టి పారేయక తప్పలేదు. షాపుకి నెల మధ్యలో ఆరుసార్లు వెళ్లేదాన్ని, ఈసారి రెండుసార్లు వెళ్లాను, చేతి బుట్టతో.

బిల్లు పోయిన నెలకంటే దాదాపు ఆరో వంతు తగ్గింది. ఇంట్లో ఉన్న నిల్వలు వాడేశాం కాబట్టి వచ్చే నెల ఇంత తగ్గదని తెలుసు. పిల్లాడి పండ్లు తగ్గలేదు.

ఒక సందేహం మిగిలింది. నూనె పెద్ద క్యాన్ తూకం గారు చెప్పినట్టు లెక్కేస్తే చవకే పడుతోంది. కానీ మాకు అది రెండున్నర నెలలు వస్తుంది. కొనొచ్చా?

పాతడబ్బా

రెండున్నర నెలలు పర్వాలేదమ్మా, దాచే పద్ధతిని బట్టి ఉంటుంది. నూనెని పాడుచేసేవి వెలుతురు, వేడి, గాలి. పొయ్యి పక్కన పెట్టొద్దు, కిటికీ దగ్గర పెట్టొద్దు. చీకటి అల్మారాలో గట్టిగా మూత బిగించి పెట్టి, వారానికి సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకోండి. ఆ చిన్న డబ్బా అయిపోయాక కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ పోయండి, అడుగున మిగిలిన పాత నూనె కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. వేయించగా మిగిలిన నూనె మాత్రం అందులో కలపొద్దు.

తూకం

క్యాన్ విప్పిన రోజు మూత మీద తారీఖు రాయండి నెలాఖరు గారూ. అయిపోయిన రోజు కూడా రాసుకోండి. మీ ఇంటికి నెలకి ఎంత నూనె పడుతుందో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది, తర్వాత ఏ సైజు కొనాలన్నది ఆ రెండు తారీఖులే చెబుతాయి.

నెలాఖరు

అలాగే అండి. స్కెచ్ పెన్ ఫ్రిజ్ మీదే ఉంది. అత్తయ్యకి చెప్పాను, క్యాన్ వచ్చాక తారీఖు తానే రాస్తానన్నారు.